కంప్యూటర్ ముందు కళ్లు మండుతుంటే: కుర్చీ దగ్గర మొదలుపెట్టి బీమా కాగితం దాకా

వరంగల్ ఎనుమాముల మార్కెట్‌లో మిర్చి సీజన్ మొదలైతే ఎవరి కళ్లూ బాగుండవు. హమాలీకి ఘాటు, రైతుకు ధర దిగులు, అడ్తి దుకాణంలో లెక్కలు రాసే నాలాంటివాడికి ఆ ఘాటుకు తోడు కంప్యూటర్. కుప్పలుగా వచ్చిన తక్‌పట్టీలు, అంటే రైతు సరుకు తూకం, ధర రాసిన చీటీలు, ఒక్కొక్కటే చూసి అంకెలు ఎక్కిస్తూ పోతే సాయంత్రానికి మూడుకూ ఎనిమిదికీ తేడా తెలియదు. నాలుగేళ్ల కిందట ఒక ఫిబ్రవరిలో నాకు కళ్లమంటతో పాటు రోజూ తలనొప్పి పట్టుకుంది. ఒక ఆసుపత్రికి వెళితే, “బీమా ఉంది కదా, ఒక రోజు చేరండి, పరీక్షలన్నీ అందులోనే అయిపోతాయి” అన్నారు. చేరాను. స్కానింగ్ బాగుంది, రక్తం బాగుంది, కళ్లు పొడిబారాయి అన్నారు. క్లెయిమ్ మాత్రం తిరిగి వచ్చింది. ఆ నెల జీతంలో సగానికి పైగా బిల్లుకే పోయింది.

కోపంతో పాలసీ పుస్తకం తెరిచాను, కొన్న తర్వాత అదే మొదటిసారి. పరీక్షల కోసమే ఆసుపత్రిలో చేరితే డబ్బు ఇవ్వబోమని అందులో స్పష్టంగా రాసి ఉంది. అప్పటి నుంచి దుకాణంలో ఎవరు కళ్లు నలుపుకుంటూ వచ్చినా ఒకటే చెబుతున్నాను: ముందు కుర్చీ సరిచేసుకోండి, తర్వాత కంటి డాక్టరు, ఆ తర్వాతే బీమా. మనలో చాలామంది వెనక నుంచి మొదలుపెడతారు.

ఒక వారం రాసి చూడండి

కళ్లమంటలన్నీ తెర వల్లనే రావు. ఒక చిన్న పుస్తకంలో వారం రోజులు రాయండి: మంట ఏ వేళకు మొదలైంది, ఆ రోజు ఎన్ని గంటలు తెర ముందు కూర్చున్నారు, ఫ్యాన్ కింద కూర్చున్నారా, ఆదివారం ఎలా ఉంది. ఆదివారం హాయిగా ఉండి, సోమవారం మధ్యాహ్నం మూడింటికి మళ్లీ మొదలైతే పనిచేసే చోటే కారణం. ఆదివారం కూడా తగ్గకపోతే, పొద్దున లేవగానే కళ్లు అంటుకుపోయి ఉంటే, దురద ఎక్కువగా ఉంటే అలర్జీనో ఇన్ఫెక్షనో కావచ్చు. మా మార్కెట్లో అయితే దుమ్ము, మిర్చి ఘాటు వాటా ఎంతో కూడా విడదీయాలి. సీజన్ ముగిసిన జూన్‌లో కూడా నా మంట పోలేదు కాబట్టే తెర సంగతి నాకు తెలిసింది.

కొన్ని లక్షణాలకు మాత్రం పుస్తకం, వారం అంటూ ఆగకూడదు. చూపు ఒక్కసారిగా తగ్గడం, కంటి ముందు మెరుపులు, కొత్తగా నల్లటి చుక్కలు గుంపుగా తేలడం, చూపులో ఒక పక్క పరదా వేసినట్టు ఉండటం, దీపాల చుట్టూ రంగుల వలయాలతో పాటు తీవ్రమైన నొప్పి, ఒకటి రెండుగా కనిపించడం. వీటిలో ఏది వచ్చినా అదే రోజు కంటి ఆసుపత్రికి వెళ్లాలి. వరంగల్‌లో ప్రభుత్వ ప్రాంతీయ కంటి ఆసుపత్రి ఉంది. ప్రైవేటులో అపాయింట్‌మెంట్ దొరకలేదని రేపటికి వాయిదా వేయకండి.

కుర్చీ, తెర, కూలర్

చేయి ముందుకు చాచండి. అరచేయి తెరకు ఆనీ ఆననట్టు ఉంటే దూరం సరిపోయినట్టే. టేపుతో కొలిస్తే 20 నుంచి 28 అంగుళాలు. తెర పై అంచు మీ కంటి ఎత్తుకో, కొంచెం కిందికో ఉండాలి. చూపు కిందికి వాలితే రెప్ప కంటిని ఎక్కువ భాగం కప్పి ఉంచుతుంది, నీటి పొర త్వరగా ఆరదు. చాలా దుకాణాల్లో తెరను పాత ఖాతా పుస్తకాల మీద ఎత్తుగా పెడతారు. అప్పుడు కళ్లు విప్పార్చి పైకి చూడాల్సి వస్తుంది. ఆ పుస్తకాలు రెండు తీసేస్తే చాలు. ల్యాప్‌టాప్ వాడేవాళ్లకు సమస్య తలకిందులు: తెర మరీ కిందికి ఉండి మెడ వంగుతుంది. దాని కింద ఒక స్టాండు పెట్టి, విడి కీబోర్డు తీసుకోండి.

కిటికీ మీ వీపు వెనక ఉంటే వెలుతురు తెర మీద పడి మెరుస్తుంది. ఎదురుగా ఉంటే కంట్లో పడుతుంది. పక్కన ఉండాలి. తెర వెలుగు ఎంత పెట్టాలో తెలియకపోతే ఒక తెల్ల కాగితం పక్కన పట్టి చూడండి. తెర దీపంలా వెలుగుతుంటే తగ్గించండి, మట్టిరంగుగా కనిపిస్తే పెంచండి. అక్షరాల సైజు పెంచుకోవడానికి మొహమాటపడకండి. పక్కవాళ్లు చదివేస్తారేమో అన్న భయంతో చిన్న అక్షరాల్లో జీతాల పట్టిక చేసే మేనేజర్లు నాకు తెలుసు.

కాగితం చూసి టైపు చేసే పనైతే ఆ కాగితం బల్ల మీద పడి ఉండకూడదు. తెర పక్కనే, అంతే దూరంలో, అంతే ఎత్తులో నిలబెట్టాలి. లేకపోతే కన్ను రోజుకు కొన్ని వేలసార్లు దగ్గరికీ దూరానికీ సర్దుకోవాలి. అట్టముక్కకు బట్టలక్లిప్పు పెట్టి చేసిన నా స్టాండుకు నాలుగేళ్లు నిండాయి.

ఇక కూలర్. ఏప్రిల్, మే నెలల్లో మన దగ్గర కూలర్ లేకుండా కూర్చోలేం, అది నిజం. కానీ మొహానికి ఎదురుగా గాలి కొట్టే కూలరైనా, ఏసీ అయినా, నెత్తి మీద తిరిగే ఫ్యాన్ అయినా కంటి నీటిని ఆరబెట్టేస్తుంది. దాన్ని పక్కకో, వెనక్కో తిప్పి గాలి గదిలో తిరిగేలా చూసుకోండి. నా మంటలో సగం ఈ ఒక్క మార్పుతోనే తగ్గింది. స్కానింగ్‌కు కట్టిన డబ్బు గుర్తొచ్చి ఆ రోజు నవ్వూ ఏడుపూ రెండూ వచ్చాయి.

రెప్ప వాల్చడం కూడా నేర్చుకోవాలి

మామూలుగా నిమిషానికి 15 నుంచి 20 సార్లు రెప్ప వాలుతుంది. తెర చూస్తున్నప్పుడు అది సగానికి, ఒక్కోసారి మూడో వంతుకు పడిపోతుంది. వాలినప్పుడు కూడా పూర్తిగా మూసుకోదు. మంటకు అసలు కారణం చాలావరకు ఇదే. తెర నుంచి వచ్చే కిరణాలేవో కన్ను కాల్చేస్తున్నాయన్నది అపోహ.

20 నిమిషాలకోసారి, 20 అడుగులకు అవతల ఉన్న వస్తువును, 20 సెకన్లు చూడమంటారు కంటి డాక్టర్లు. మడికొండ ఐటీ పార్కులో పెద్ద హాలు ఉన్నవాళ్లకు ఇది తేలిక. పదడుగుల గదిలో పనిచేసే మీసేవ ఆపరేటర్ ఏం చేయాలి? గుమ్మం తెరిచి రోడ్డు అవతలి బోర్డు చదవాలి. హనుమకొండలో కొన్ని కిటికీల్లోంచి పద్మాక్షి గుట్ట కనిపిస్తుంది, అంతకంటే మంచి గురి లేదు. నేను యార్డు అవతలి బస్తాలు లెక్కపెడతాను. ఆ 20 సెకన్లలో పదిసార్లు నెమ్మదిగా, రెప్పలు పూర్తిగా కలిసేలా కళ్లు మూసి తెరవండి. ఫోనులో అలారం పెట్టుకోండి, కానీ అలారం మోగిందని ఫోను తీసి చూస్తూ కూర్చుంటే ఫలితం సున్నా.

పని అయ్యాక ఇంట్లో గోరువెచ్చని నీటిలో ముంచి పిండిన గుడ్డను మూసిన కళ్ల మీద ఐదు పది నిమిషాలు పెట్టుకుంటే రెప్పల అంచుల్లోని నూనె గ్రంథులు తెరుచుకుంటాయి. అమ్మమ్మలు చెప్పే నందివర్ధనం పూలను మూసిన కళ్ల మీద పెట్టుకుంటే చల్లగానే ఉంటుంది, అభ్యంతరం లేదు. పూల రసమో, తేనెనో, రోజ్‌వాటరో కంట్లో పోయడం మాత్రం వద్దు.

అద్దాల దుకాణానికి టేపు కొలతతో వెళ్లండి

నలభై దాటిన వాళ్లు ఈ భాగం ఆగి చదవండి. చత్వారం వచ్చాక కన్ను దగ్గరి వస్తువు మీద సర్దుకోలేదు. 2018లో మొదలైన కంటి వెలుగు శిబిరాలు 2023లో రెండో విడతగా మళ్లీ వచ్చినప్పుడు నేనూ చదివే అద్దాలు తెచ్చుకున్నాను. పేపరు చక్కగా కనిపించింది. అవే పెట్టుకుని కంప్యూటర్ ముందు కూర్చుంటే తెలియకుండానే తెర మీదికి వంగిపోయాను. తప్పు అద్దాలది కాదు. చదివే అద్దాలు దాదాపు 14 నుంచి 16 అంగుళాల దూరానికి చేస్తారు, నా తెర 25 అంగుళాల దూరంలో ఉంది. రెండు భాగాల అద్దాలు పెట్టుకునేవాళ్లు కింది భాగంలోంచి తెర చూడటానికి గడ్డం పైకెత్తుతారు, సాయంత్రానికి మెడ పట్టేస్తుంది.

కాబట్టి మీ కుర్చీలో మీరు మామూలుగా కూర్చున్నప్పుడు కంటికీ తెరకూ ఎంత దూరమో ఇంకొకరితో టేపు పెట్టి కొలిపించండి. ఆ అంకె రాసుకెళ్లి డాక్టరుకో, పరీక్ష చేసే ఆప్టోమెట్రిస్టుకో చెప్పండి: “ఇంత దూరంలో రోజుకు ఇన్ని గంటలు చూస్తాను.” అప్పుడే సరైన పవరు వస్తుంది. దుకాణంలో మిషన్ ముందు గడ్డం ఆనించి రెండు నిమిషాల్లో చీటీ ఇచ్చేస్తే ఒప్పుకోకండి. మిషన్ చెప్పిన అంకె ఆరంభం మాత్రమే, అద్దాలు మార్చి మార్చి చూపించి ఖరారు చేయాలి. చిన్నపాటి సిలిండర్ పవరు (కంటి వంపులో తేడాను సరిచేసే పవరు) ఉందని తెలియక ఏళ్ల తరబడి తలనొప్పి మాత్రలు మింగేవాళ్లు ఉన్నారు. చిన్నవాళ్లకు కూడా ఇది వర్తిస్తుంది.

“నీలి కాంతి ఆపే” అద్దాల కోసం అదనంగా అడిగితే నా సలహా, వద్దనండి. 2023లో వైద్య పరిశోధనలను సమీక్షించే కాక్రేన్ సంస్థ 17 ప్రయోగాలను కలిపి పరిశీలించి, మామూలు అద్దాలతో పోలిస్తే ఇవి కంటి అలసటను తగ్గించకపోవచ్చని తేల్చింది. ఆ డబ్బుకు మెరుపు తగ్గించే పూత వేయించుకోవడం మేలు.

పరీక్షకు వెళ్లినప్పుడే నలభై దాటినవాళ్లు కంటి పీడనం, కంటి నరం చూడమని అడగాలి. నీటికాసుల జబ్బు (గ్లకోమా) నొప్పి లేకుండానే చూపును తినేస్తుంది. షుగర్ ఉంటే ఏటా రెటీనా పరీక్ష తప్పదు.

చుక్కల మందు విషయం రెండు మాటల్లో. కన్నీటి బదులు వేసే చుక్కలు డాక్టరు చెబితే వాడుకోవచ్చు, రోజుకు నాలుగుసార్ల కంటే ఎక్కువ అవసరమైతే నిల్వ రసాయనం లేనివి అడగండి. ఎరుపు పోగొట్టే చుక్కలు, స్టెరాయిడ్ ఉన్న చుక్కలు మెడికల్ షాపులో సొంతంగా కొనకండి. స్టెరాయిడ్ హాయిగా అనిపించే మందే, కానీ నెలల తరబడి వేస్తే నీటికాసులూ శుక్లాలూ తెచ్చిపెట్టగలదు.

ఇప్పుడు పాలసీ పుస్తకం తెరవండి

మామూలు ఆరోగ్య బీమా కంటి అలసటకు పైసా ఇవ్వదు. ఓపీ ఫీజు (ఆసుపత్రిలో చేరకుండా డాక్టరుకు చూపించుకుంటే కట్టేది), చుక్కల మందు, కళ్లద్దాలు ఏవీ అందులోకి రావు. ఆ పాలసీ కట్టేది ఆసుపత్రిలో చేరి చేయించుకునే చికిత్సకు, డే కేర్ అనే జాబితాలో ఉండి 24 గంటలు ఉండాల్సిన పని లేని ఆపరేషన్లకు. శుక్లాల ఆపరేషన్ ఈ రెండో రకం.

పుస్తకంలో మినహాయింపుల పేజీకి వెళ్లండి. బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ, అదే మన హైదరాబాద్‌లో ఉన్నది, ఈ మినహాయింపులకు అన్ని కంపెనీల్లోనూ ఒకే కోడు, ఒకే వాక్యం ఉండేలా చేసింది. కాబట్టి వెతకడం తేలిక. కళ్ల సంగతికి చూడాల్సినవి ఇవి:

కోడ్ 04: ప్రధానంగా పరీక్షల కోసమే చేరితే చెల్లించరు. నా క్లెయిమ్ చచ్చింది ఇక్కడే.

కోడ్ 15: చూపు పవరు 7.5 డయాప్టర్ల కంటే తక్కువ ఉంటే, దాన్ని సరిచేసే చికిత్సకు చెల్లించరు. మైనస్ రెండో మూడో ఉన్న ఐటీ పిల్లలు లేజర్ ఆపరేషన్‌కు బీమా వస్తుందని ఆశపడతారు. రాదు.

కోడ్ 02: కొన్ని జబ్బులకు నిర్ణీత కాలం వేచి ఉండాలి. శుక్లాలకు చాలా పాలసీల్లో 24 నెలలు. అంటే డాక్టరు “శుక్లాలు ముదిరాయి” అన్నాక కొన్న పాలసీ ఆ ఆపరేషన్‌కు అక్కరకు రాదు.

కోడ్ 01: ముందే ఉన్న జబ్బులకు నిరీక్షణ. 2024 ఏప్రిల్ నుంచి ఇది గరిష్ఠంగా 36 నెలలు.

తర్వాత పరిమితుల పట్టిక. ఐఆర్‌డీఏఐ చెప్పిన నమూనాలో అన్ని కంపెనీలూ అమ్మే ఆరోగ్య సంజీవని పాలసీలో ఒక్కో కంటి శుక్లాల ఆపరేషన్‌కు బీమా మొత్తంలో నాలుగో వంతు, లేదా 40,000 రూపాయలు, ఏది తక్కువైతే అది. ఆపైన ప్రతి క్లెయిమ్‌లో 5 శాతం మన చేతి నుంచి. మీ పాలసీలో ఈ అంకెలు ఎంతో చూసి గీత గీసి పెట్టుకోండి. షుగర్ ఉన్నవాళ్లు కంటిలోకి ఇచ్చే ఇంజెక్షన్లకు ఎంత పరిమితి ఉందో కూడా వెతకాలి. అవి ఒకటితో ఆగవు.

ఆఫీసు ఇచ్చిన గ్రూపు పాలసీయే ఉన్నవాళ్లు హెచ్ఆర్‌ను మూడు విషయాలు అడగండి: ఓపీ ఉందా, ముందే ఉన్న జబ్బులకు మొదటి రోజు నుంచీ వర్తిస్తుందా, ఉద్యోగం మానేస్తే ఏమవుతుంది. మూడోదాన్ని ఎవరూ అడగరు. రాజీనామా చేసిన రోజుతో ఆ రక్షణ సాధారణంగా ఆగిపోతుంది. మానేయకముందే అదే బీమా కంపెనీలో సొంత పాలసీకి మారే వీలు అడిగి దరఖాస్తు చేయాలి. నెలకు 21,000 రూపాయల లోపు జీతంతో ఈఎస్‌ఐ కోత పడుతున్నవాళ్లు ఆ డిస్పెన్సరీని మరవకండి. ప్రైవేటు పాలసీ ఇవ్వని ఓపీ, మందులు అక్కడ ఉన్నాయి, జీతంలోంచి ఇప్పటికే కట్టేశారు కూడా.

కొత్తగా కొనేటప్పుడు ఫారంలో షుగర్, బీపీ, కంటి జబ్బు ఏదున్నా రాయండి. “అద్దాలు పెట్టుకుంటారని రాయక్కర్లేదు సార్, ప్రీమియం పెరుగుతుంది” అనే ఏజెంటు రేపు క్లెయిమ్ రోజున ఫోను ఎత్తడు. వరుసగా 60 నెలలు పాలసీ నడిచాక, మోసం రుజువైతే తప్ప, దాచారన్న కారణంతో కంపెనీ క్లెయిమ్ ఆపలేదు. అయితే ఆ ఐదేళ్లలోపే అవసరం పడితే? పాలసీ చేతికి వచ్చాక 30 రోజుల్లో చదివి నచ్చకపోతే వాపసు ఇవ్వొచ్చు. 2025 సెప్టెంబర్ 22 నుంచి వ్యక్తిగత, కుటుంబ ఆరోగ్య పాలసీల మీద జీఎస్టీ లేదు. గ్రూపు పాలసీలకు ఈ వెసులుబాటు లేదు. మీ సొంత పాలసీ రెన్యువల్ బిల్లులో జీఎస్టీ పద్దు ఉంటే అడగండి.

ఓపీ రైడర్ కొనాలా?

ఓపీ రైడర్ అంటే అదనంగా ప్రీమియం కట్టి ఓపీ ఖర్చులనూ పాలసీలో కలుపుకోవడం. కాగితం మీద లెక్క వేయండి. ఉదాహరణకు ఏడాదికి 4,000 రూపాయలు అదనంగా కట్టి 5,000 రూపాయల ఓపీ పరిమితి కొన్నారనుకుందాం. అందులో అద్దాలు ఉన్నాయా, ఉంటే ఎన్నేళ్లకోసారి, ఏ ఆసుపత్రిలో చూపించుకున్నా ఇస్తారా, వాళ్ల యాప్‌లో బుక్ చేస్తేనే ఇస్తారా? ఈ నాలుగు ప్రశ్నల తర్వాత ఆ 5,000 చాలాసార్లు 2,000 అవుతుంది. ఇంట్లో నలుగురికీ అద్దాలుండి, అందరికీ వర్తిస్తే కొనొచ్చు. ఒంటరి ఉద్యోగికి నేను చెప్పేది వేరు: నెలకు 300 పక్కన పెట్టండి. చిట్టీల ఊరు మనది, నెలనెలా పక్కన పెట్టడం మనకొకరు నేర్పాలా? ఏడాది తిరిగేసరికి 3,600. పరీక్షకూ మందుకూ సరిపోగా రెండేళ్లకోసారి అద్దాలకు మిగులుతుంది.

కాగితాలు

ఓపీ క్లెయిమ్ అయినా, ఆపరేషన్ అయినా, డాక్టరు చీటీలో జబ్బు పేరు రాసి ఉండాలి. “కళ్లు చూశాము” అని రాస్తే చాలదు. మందుల బిల్లులో మీ పేరు, తేదీ ఉండాలి. థర్మల్ కాగితం బిల్లుల మీద అక్షరాలు వేసవి దాటేలోగా మాయమవుతాయి కాబట్టి అదే రోజు ఫొటో తీయండి. శుక్లాల ఆపరేషన్‌కు కంట్లో పెట్టిన లెన్సు స్టిక్కరు, దాని బిల్లు తప్పక అడిగి తీసుకోండి. అవి లేక ఆగిపోయిన క్లెయిమ్‌లు మా వీధిలోనే రెండు. ఖరీదైన లెన్సు ఎంచుకునే ముందు ఎంతవరకు ఇస్తారో రాతపూర్వకంగా తెలుసుకోండి, మిగతాది మీదే.

ముందే నిర్ణయించిన ఆపరేషన్ అయితే రెండు మూడు రోజుల ముందే క్యాష్‌లెస్‌కు, అంటే బిల్లు బీమా కంపెనీయే నేరుగా ఆసుపత్రికి కట్టేలా, దరఖాస్తు పంపించండి. 2024 మే నెలలో ఐఆర్‌డీఏఐ ఇచ్చిన ఉత్తర్వు ప్రకారం క్యాష్‌లెస్ కోరికపై గంటలోపు, డిశ్చార్జి సమయంలో తుది అనుమతిపై మూడు గంటల్లోపు కంపెనీ తేల్చాలి. బిల్లింగ్ కౌంటర్ దగ్గర “సాయంత్రం దాకా ఆగండి” అంటే ఈ సంగతి మర్యాదగా గుర్తుచేయండి.

తిరస్కరిస్తే ఫోనులో చెప్పిన మాటను పట్టించుకోకండి. ఏ నిబంధన కింద కాదన్నారో ఉత్తరం అడగండి. ఆ నిబంధన మీ పుస్తకంలో చదవండి. నాలా కంపెనీ చెప్పిందే నిజమని తేలితే అక్కడితో వదిలేయాలి, వృథాగా తిరగొద్దు. అన్యాయం అనిపిస్తే కంపెనీ ఫిర్యాదుల అధికారికి రాయండి. బీమా భరోసా పోర్టల్‌లోనూ, 155255 నంబరులోనూ ఫిర్యాదు నమోదు చేయొచ్చు. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా హైదరాబాద్ లక్డీకాపూల్‌లోని బీమా అంబుడ్స్‌మన్‌కు (బీమా తగాదాలు తేల్చే అధికారికి) దరఖాస్తు పెట్టండి. 50 లక్షల రూపాయల దాకా వివాదాలు వింటారు. ఫీజు లేదు, వకీలు అక్కర్లేదు. కంపెనీ కాదన్న ఏడాదిలోపు చేరాలి. విచారణకు వీడియోలో కూడా హాజరు కావచ్చు, కాబట్టి కాజీపేటలో రైలెక్కాల్సిన పని కూడా ఉండకపోవచ్చు.